చక్రాల విల్లు

నా కుట్టు అంగడిలో, మిషను వెనక గోడకు ఒక విల్లు వేలాడుతోంది. రవిక కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్ల చూపు ముందు దాని మీదే పడుతుంది. రెండు కొనలకు రెండు చక్రాలు, వాటి మధ్య మూడు తాళ్లు, నడుమ పిడి దగ్గర చెమటకు నల్లబడిన రబ్బరు. మొన్న ఒకావిడ "ఇది జిమ్ సామానా మా?" అని అడిగింది. ఇంకొకామె మగ్గంలో ముక్క అనుకుంది. ఒకరికి అవునని, ఒకరికి కాదని చెప్పి పంపించాను. అడిగే అలవాటు నాది. నన్ను ఎవరైనా అడిగితే మాత్రం ఒళ్లు మండుతుంది.

అది మా చిన్నాయనది. మా నాయన తమ్ముడు. ఆయన పోయి నెల దాటింది. ఈ నెలలో నేను ఒక్క రవిక కూడా తిన్నగా కుట్టలేదు. చంక దగ్గర కుట్టు తప్పుతుంది, విప్పుతాను, మళ్లీ తప్పుతుంది. తెల్లవారుజామున చేల వైపు నుంచి పందులను తరిమే నూనె డబ్బా మోత వినబడితే లేచి వాకిట్లోకి వస్తాను. కొడుతున్నది ఆయన కాదని గుర్తొచ్చి మళ్లీ పోయి కూర్చుంటాను. హైవే మీద తొప్పూరు కనుమ ఎక్కి వచ్చిన లారీ ఏదో హారన్ కొడుతుంది, మళ్లీ లేస్తాను. ఈ కాలు నిలవనితనం ఆయనదే. పోతూ పోతూ నాకు అంటించి పోయాడు.

చిన్నాయన కుర్చీలో పూర్తిగా కూర్చోగా నేను చూడలేదు. అంచున కూర్చుని ఎడమ మోకాలు ఊపుతూ ఉండేవాడు. టీ అంగట్లో గ్లాసు సగం కాగానే లేచేవాడు. అన్నం తింటూ నడుమ లేచి, దొడ్లో ఆవును చూసి వచ్చి మళ్లీ కలుపుకునేవాడు. పెళ్లిళ్లలో తాళి కట్టే వేళకు ఎప్పుడూ బయట చెప్పుల దగ్గరే ఉండేవాడు. ఆయన భార్య, మా పిన్నమ్మ, ఆల్బం తీసి చూపించేది. "ఈయప్పను కట్టుకొని ముప్పై ఏండ్లాయ. ఒక్క ఫోటోలో అయినా మొగము తిన్నగా పడిందా చూడు." నిజమే, అన్నిట్లో పిన్నమ్మ స్పష్టంగా ఉంటుంది, పక్కన ఆయన మసకగా ఉంటాడు.

ఆయన నిలబడింది ఒక్కచోటే. విల్లు లాగినప్పుడు.

ఆ విల్లు తాడు సగం దాకా లాగడమే కష్టం. సగం దాటితే చక్రాలు తిరిగి, బరువు చాలావరకు అవి తీసుకుంటాయి. అప్పుడు తాడును చెంపకు ఆనించుకుని చాలాసేపు నిలబడవచ్చు. చిన్నాయన అలా నిలబడితే మోకాలు ఊగేది కాదు, రెప్ప పడేది కాదు. నేను మిషను ఆపి ఆయన ఊపిరులు లెక్కపెట్టేదాన్ని. పదహారు, పదిహేడు. తర్వాత తాడును పట్టి ఉంచే, మణికట్టుకు కట్టుకున్న కొక్కేన్ని వేలితో నొక్కేవాడు. బాణం పోయి గురికి పెట్టిన గోనెసంచిలో దిగేది. దిగిన మరుక్షణం మోకాలు మళ్లీ మొదలు.

ఆ సంచి కూరి కుట్టింది నేనే. పాత చీరలు, చిరిగిన దుప్పట్లు, నా అంగట్లో మిగిలిన ముక్కలు. ఊళ్లో సగం మంది ఆడవాళ్ల రవిక ముక్కల మీద ఆయన బాణాలు వేశాడు. బాణాలు పెట్టుకోవడానికి జీన్స్ ప్యాంటు కాలు కోసి ఆరు గదుల సంచి కుట్టిచ్చాను. అంబులపొది అని దానికి మంచి పేరుందని చెప్పాను. మా అమ్మది కుప్పం, ఆమె నేర్పబట్టి నాకు తెలుగు అక్షరాలు, ఇలాంటి మాటలు వచ్చు. మా ఊరు తమిళనాడులో ఉంది కాబట్టి చిన్నాయనకు తెలుగు నోటిదే, చదువు తమిళం. "అంబులపొదో ఏమో, కుట్లు గట్టిగా ఉండాయా లేదా అది చెప్పు" అన్నాడు.

బెంగళూరులో ఒక ఆటల మైదానానికి ఆయన ఆరేళ్లు కావలి ఉన్నాడు. బాణాలు వేసే పిల్లలకు పడిపోయినవి ఏరి ఇస్తూ, చూసి చూసి తానూ నేర్చుకున్నాడు. అక్కడ నేర్పించే సారు కొత్త విల్లు కొనుక్కుని పాతది ఈయనకు ఇచ్చేశాడు. మా నాయన చావు కబురు విని వచ్చినప్పుడు భుజాన ఆ విల్లుతోనే నల్లంపల్లిలో బస్సు దిగాడు. మళ్లీ బెంగళూరు పోలేదు.

మా నాయన తెల్లవారకముందే నీళ్లు మళ్లించడానికి పోయి, ఎవరి చేనికో కట్టిన కరెంటు తీగ మీద కాలు పెట్టాడు. పందుల కోసం కట్టిన తీగ అది. కట్టినవాడు చెడ్డవాడు కాదు. శవం దగ్గర మాకన్నా ఎక్కువ ఏడ్చాడు. అతని మీద నా కోపం ఇంకా పోలేదు, పోతుందని కూడా అనుకోను.

మా చేలు కొండ కింద ఉన్నాయి. మరవల్లిగడ్డ వేస్తాం, పుస్తకాల్లో కర్రపెండలం అంటారు. గడ్డ ఊరే నెలల్లో అడవిపందులు దిగి ఒక్క పూటలో సాళ్లకు సాళ్లు తిరగేసి పోతాయి. మా చేనికి ఆనుకుని ఉన్న చేను ఒక పెద్దాయనది. ఊరంతా ఆయన్ని మామా అనే పిలుస్తుంది. నాయన పోయిన ఏడాదే మామ చేను పందుల పాలైంది. మర్నాడు మామ ఒక తీగచుట్ట తెచ్చి రెండు చేల మధ్య గట్టు మీద పడేశాడు.

"నేనేం చేసేది చెప్పరా? బిడ్డ మాదిరి సాకిన చేను. తవ్వి పోసినాయి. ఈ పొద్దు తీగ లాగాల్సిందే."

చిన్నాయన పోయి ఆ చుట్ట మీద కాలు పెట్టి నిలబడ్డాడు. "తీగకు కండ్లు లేవు మామా."

"నీ బాణానికి ఉండాయా?"

"దానికీ లేవు. దాని వెనకాల నేనుంటా. తీగ వెనకాల ఎవురుంటారు? నువ్వు ఇంట్లో పండుకొని ఉంటావు."

మామ ఆ కాలి వైపు చూశాడు. నా వైపు ఒకసారి చూశాడు. తండ్రి పోయి ఏడాది కూడా కాని ఆడపిల్ల ఎదురుగా నిలబడి ఉంటే ఏమంటాడు?

"శరి. నువ్వు వేటకు పోయొచ్చేదాకా నేను తీగ లాగను. పోయొచ్చినాక కూడా పందులు నిలవకపోతే మాత్రం నన్నడగొద్దు."

"శరి మామా."

అంతే ఒప్పందం. వేటకు పోయొచ్చేదాకా. నేను ఆ మాటను అప్పుడు పట్టించుకోలేదు. తీగచుట్ట మామ ఇంటి అటక ఎక్కింది.

మర్నాటి నుంచి చిన్నాయన సిద్ధం కావడం మొదలుపెట్టాడు. ఆ సిద్ధం కావడం ఆరేళ్లు సాగింది.

వేటకు మూడు రోజుల ముందు సబ్బు మానేసేవాడు. తలకు నూనె లేదు, బీడీ లేదు, కూరలో వెల్లుల్లి పడితే కంచం తోసేసేవాడు. వేట చొక్కాను ఉత్త నీళ్లలో జాడించి ఆవు పక్కన ఆరేసేవాడు. మనిషి వాసన పోయి ఆవు వాసన రావాలట. ఆ మూడు రోజులూ పిన్నమ్మ అరుగు మీద పడుకునేది. తాడుకు మైనం పూసేవాడు. చక్రాలకు నా దగ్గర మిషను నూనె ఒక్కో బొట్టు పట్టుకుపోయేవాడు. తాడు టంగుమనకుండా సైకిల్ ట్యూబు కోసి రబ్బరు ముక్కలు కట్టేవాడు. చిటికెడు పొయ్యిబూడిద గాల్లో వదిలి ఎటు పోతుందో చూసేవాడు, పొలంలోనే కాదు, వంటింట్లో కూడా. మాట కూడా మారిపోయేది. పంది అని అనేవాడు కాదు. "ఆయన నిన్న కాలవకాడికి వచ్చినాడు మా, ఎనక కాలు కొంచెం కుంటతా ఉండాడు" అనేవాడు. కొత్తవాళ్లు వింటే దగ్గరి చుట్టం గురించి అనుకుంటారు.

నాలుగో రోజు తెల్లవారుతుండగా బయల్దేరేవాడు. ఇక్కడ నా సంగతి చెప్పక తప్పదు.

మా వైపు, బయటికి పోయే మనిషిని ఎక్కడికని అడగకూడదు. అడిగితే పోయే పని చెడుతుంది. తెలుసుకోవాలనుంటే "దూరమా?" అనాలి. ఎవరైనా పొరపాటున అడిగేస్తే పోయేవాడు ఆగి, కూర్చుని, నీళ్లు తాగి అప్పుడు పోవాలి. వేటకైతే ఆ రోజుకు పోనే కూడదు. పోయేవాడు కూడా పోతానని అనడు, పోయొస్తా అంటాడు. చావింటి నుంచి లేచేటప్పుడు మాత్రం ఆ మాట అనకూడదు, చెప్పకుండా వచ్చేయాలి. ఇవన్నీ నాకు ఉగ్గుపాలతో పోసిన సంగతులే. కానీ నా నోటికి గడియ లేదు. పెళ్లిళ్ల కాలంలో అయిదింటికే అంగడి తీస్తాను. వాకిలి ఊడుస్తూ తల ఎత్తితే ఎదురుగా మనిషి, నోట్లోంచి మాట దూకేస్తుంది.

"ఎక్కడికి చిన్నాయనా?"

ఆయన అక్కడికక్కడే ఆగేవాడు. విల్లు దించి నా అంగడి ముందు బెంచీ అంచున కూర్చునేవాడు. "నీళ్లు తే పాపా." చెంబెడు నీళ్లు గటగట తాగి, బూట్ల తాళ్లు విప్పి, బూట్లు చేత పట్టుకుని ఇంటికి పోయేవాడు. పోయి ఖాళీ నూనె డబ్బా, కర్ర తీసుకుని చేలకు బయల్దేరేవాడు. రెండు చేల చుట్టూ డబ్బా కొడుతూ తిరిగేవాడు, మామ చేను ముందు, తనది తర్వాత. ఈ తిరగడం వేట రోజుల్లోనే కాదు, గడ్డ ఊరినన్నాళ్లూ ప్రతి తెల్లవారీ ఉండేది. కొంత పంట పందులకు పోయేది, కొంత మిగిలేది.

నేను లెంపలేసుకునేదాన్ని. మళ్లీ అడిగేదాన్ని. మామ నా అంగడి ముందు నిలబడి తిట్టేవాడు. "నీ నోటికి దబ్బనంతో నాలుగు కుట్లు ఎయ్యాల మా! ఊరి బట్టలన్నీ కుడతావే, ఇది కుట్టుకోలేవా?"

ఎవరో చెప్పగా ఒకసారి ఫారెస్టు గార్డు వచ్చాడు. వేటకు పోతే కేసు అవుతుందని తమిళంలో గట్టిగా చెప్పాడు. చిన్నాయన కూడా తమిళంలోనే, చాలా వినయంగా జవాబిచ్చాడు. "వేటకు పోయినానని ఎవరన్నారు సారూ? రెండేండ్లుగా పోదామనే చూస్తా ఉండాను. మా అన్న కూతురు విడిస్తే కదా." గార్డు నన్ను చూశాడు. నేను సూది కింద పడ్డట్టు వెతికాను. తర్వాత గార్డు తానూ ఒకసారి లాగి చూస్తానన్నాడు. తాడు సగానికి కూడా రాలేదు. టీ తాగి, జాగ్రత్త అని మళ్లీ చెప్పి పోయాడు.

నాకూ ఒకరోజు విల్లు ఇచ్చాడు. రోజంతా మిషను తొక్కేదాన్ని, నాకేం బలం తక్కువ? పళ్లు బిగించి లాగేశాను. తాడు చెంపకు వచ్చింది. ఆ తర్వాత ఏం చేయాలో తెలియలేదు. బాణం పెట్టకుండా తాడు విడిచిపెడితే విల్లు పగులుతుందని ముందే చెప్పాడు. మెల్లగా దించుదామంటే చక్రం బరువంతా ఒక్కసారిగా నా మీదికి తోసింది. "ఏం చేసేది చిన్నాయనా!" అని అరిచాను. ఆయన వెనక నిలబడి నా మోచేయి పట్టుకుని మెల్లగా ముందుకు తెచ్చాడు.

"లాగేది ఎవురికైనా వస్తాది పాపా. లాగినాక, విడవకుండా దించేది చూడు, దానికే ఒళ్లు కావాల."

ఆ రాత్రి భుజం నొప్పితో నిద్ర పట్టలేదు. ఆయన మాట కూడా మర్చిపోయాను.

నాలుగో ఏడు గడ్డ బాగా ఊరింది. మామ కొడుకు ఏదో పెళ్లికి తీసుకుపోతే చిన్నాయన ఒక్క తెల్లవారి డబ్బా కొట్టలేదు. మామ చేను సగం పోయింది. మామ తీగచుట్టను అటక మీంచి దించాడు. "మూడు పొద్దులు సిద్ధం చేసుకో. నాలుగో పొద్దు నువ్వు పోకపోతే మర్నాడే తీగ. ఇంక మాటల్లేవు" అన్నాడు. మూడో రోజు సాయంత్రం ఊళ్లో కనిపించినవాళ్లంతా నాకే చెప్పారు, రేపు నోరు మూసుకోమని. నాకు రోషం వచ్చింది. దాని కింద భయం కూడా ఉంది. ఆ తీగ లాగితే మళ్లీ ఎవరి నాయన ఇంటికి రాడో అనుకున్నాను.

మర్నాడు నోటినిండా నీళ్లు పోసుకుని పుక్కిట పట్టి వాకిలి ఊడ్చాను. చిన్నాయన వచ్చాడు. నేను మాట్లాడలేదు. ఆయన నా ముందు ఆగి బూటు తాడు బిగించుకున్నాడు. రెండో బూటూ బిగించుకున్నాడు. దగ్గాడు. "దారం ముక్క ఉందా పాపా?" అన్నాడు. ఇచ్చాను. దాన్ని దేనికీ కట్టలేదు, జేబులో వేసుకున్నాడు. పది అడుగులు పోయి మళ్లీ వచ్చాడు. "టైమెంత?" అయిదు వేళ్లు చూపించాను. ఆయన నన్ను చూసిన చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు. పంతం నెగ్గిందని నేను లోపల గంతులేస్తున్నాను. ఆయన పోయాడు.

బాగా ఎండెక్కాక తిరిగి వచ్చాడు. బూట్లకు బురద. ఆరు బాణాలూ సంచిలో శుభ్రంగా ఉన్నాయి. బెంచీ మీద కూర్చున్నాడు, మొదటిసారి పూర్తిగా. కుడి భుజం పట్టుకుని ఉన్నాడు.

"కనిపించలేదా?" అన్నాను.

"కనిపించినాడు. ముప్పై అడుగుల్లో పక్కకు తిరిగి నిలబడినాడు. లాగినాను. శానా సేపు పట్టుకున్నా."

"తప్పిందా?"

"విడిస్తే కదా తప్పేది. దించేసినా."

నాకు కోపం వచ్చింది. ఇంత చేసి, అన్నాళ్లు ఆవు వాసన పూసుకుని, నేను నోట్లో నీళ్లు పట్టుకుని, చివరికి దించేశాడట. ఎందుకని అరిచాను. ఆయన మోకాలు మళ్లీ ఊగడం మొదలైంది.

"కొట్టినాననుకో, ఒకడు పోతాడు, ఇంకో పది మంది వస్తారు. తప్పినాననుకో, అదీ అంతే. కొట్టినా తప్పినా నేను వేటకు పోయొచ్చినట్టే కదా పాపా. పోయొచ్చినాక మామను ఏమని ఆపేది?"

నేను చీపురు కింద పడేశాను.

"మామ వస్తాడు. నువ్వు అడిగినావని చెప్పు" అన్నాడు. బతిమాలుతున్నట్టు అన్నాడు. అంత పెద్ద మనిషి నన్ను అలా అడగడం నాకు బాధేసింది.

మామ రానే వచ్చాడు. "అడిగినాను మామా, నోరు ఊరుకోలా" అన్నాను. ఆయన తిట్టిన తిట్లు నేను రాయను. తీగచుట్ట మాత్రం మళ్లీ అటక ఎక్కింది.

రెండు రోజుల తర్వాత పిన్నమ్మ చీర అంచు కుట్టించుకోవడానికి వచ్చింది. నేను దాచుకోలేక అంతా చెప్పేశాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"మా ఇంటి నుంచి చేనికి కాలవ గట్టు మీద పోతే అయిదు నిమిషాలు. నీ అంగడి మింద తిరిగి పోతే ఇరవై. వేట పొద్దు తప్ప ఎప్పుడైనా చేనికి ఈ దోవన పోయినాడా మీ చిన్నాయన? ఊర్లో అడక్కుండా ఉండలేనిది నువ్వొక్కదానివే. నీకోసరం రాడు, నీ నోటికోసరం వస్తాడు."

ఆమె నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఇన్నాళ్లూ ఆయన పని చెడగొడుతున్నానని లెంపలు వేసుకున్నదాన్ని, ఆయన పనిలో సగం నాదేనని అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత రెండేళ్లు నేను తప్పకుండా అడిగాను. వీధి చివరి దాకా వినిపించేలా అడిగాను. నేను లోపల ఉండి చూసుకోకపోతే ఆయన వాకిట్లో దగ్గేవాడు. పరుగెత్తుకుంటూ వచ్చి అడిగేదాన్ని. కూర్చునేవాడు, నీళ్లు తాగేవాడు, బూట్లు విప్పేవాడు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్లం కాదు, నవ్వొస్తుందని.

పోయిన నెల టీ అంగట్లో గ్లాసు సగం కాగానే లేచాడట. లేచినవాడు మళ్లీ కూర్చున్నాడట. ఆయన మళ్లీ కూర్చోవడం చూసే అక్కడున్నవాళ్లకు భయం వేసిందట. ధర్మపురి ఆసుపత్రికి చేరేసరికి అయిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఎత్తారు. శ్మశానానికి పోవాలంటే నా అంగడి మీదుగానే పోవాలి. కాలవ గట్టున దోవ లేదు. మా ఆడవాళ్లు నా అంగడి మలుపు దాకా వచ్చి అక్కడ ఆగిపోవాలి. పిన్నమ్మను ఇద్దరు పట్టుకుని ఉన్నారు. పాడె ముందు వైపు కుడి భుజం మామది. డెబ్బై ఏళ్ల మనిషి, ఎవరు చెప్పినా భుజం మార్చుకోలేదు.

అంగడి ముందుకు వచ్చారు. నేను నోరు గట్టిగానే మూసుకున్నాను. కానీ ఆయన ఈ దోవన వచ్చాడంటే దేనికి వస్తాడో నాకు తెలుసు.

"ఎక్కడికి చిన్నాయనా?"

మోసేవాళ్లు నలుగురూ ఆగిపోయారు. అలవాటు మరి, ఆ మాట వింటే మా వాళ్ల కాళ్లు కదలవు. తప్పెట ఆగింది. ఎవరో "అయ్యో, ఏం మా ఇది" అన్నారు. పిన్నమ్మ నన్నే చూస్తోంది.

"దించండిరా కొంచేపు. అడిగింది కదా" అన్నాడు మామ.

పాడెను బెంచీ పక్కన దించారు. నేను లోపలికి పోయి చెంబు తెచ్చాను. సగం నీళ్లు గడప మీదే పోయాయి. మామ చెంబు తీసుకుని చిన్నాయన పెదాలు తడిపాడు. మిగిలినవి తాను తాగాడు.  చిన్నాయన మోకాలు ఊగలేదు.

మళ్లీ ఎత్తారు. మామ భుజం సర్దుకుని, వెనక్కి తిరక్కుండా చెప్పాడు.

"పోయొస్తాడు పాపా. వచ్చేదాకా నేను తీగ లాగను."